విమాన ఛార్జీలు, పోటీ, రద్దులు: మార్గం వారీగా ఒక లెక్క

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి మామూలు రోజుల్లో నాలుగు వేలకు దొరికే టిక్కెట్టు సంక్రాంతి ముందు పన్నెండు వేలకు ఎలా చేరుతుంది, ఇన్ని సంస్థలు ఉండగా వాటి మధ్య పోటీ ఏమైంది అన్నది మొదటిది. అంత డబ్బు తీసుకుని కూడా విమానాన్ని వేళకు నడపలేకపోవడమేమిటన్నది రెండవది. ప్రభుత్వం ఛార్జీలకు శాశ్వతంగా గరిష్ఠ పరిమితి విధిస్తే సరిపోదా అన్నది మూడవది. దాదాపు రెండు దశాబ్దాలు నేను విమానయాన సంస్థల్లో, మొదట ఛార్జీలు నిర్ణయించే విభాగంలోనూ తరువాత రోజువారీ రాకపోకలను చూసే నియంత్రణ కేంద్రంలోనూ పనిచేశాను. ఆ రెండు గదుల్లో చూసినదాన్ని బట్టి చెప్పాలంటే, మీ మొదటి రెండు ప్రశ్నలకూ మూలం ఒక్కటే. మీ మార్గంలో, మీరు వెళ్లవలసిన వేళకు, ఇంకొక సంస్థ దగ్గర ఖాళీ సీటు ఉందా లేదా అన్నదే ఆ మూలం.

పోటీ అనగానే దేశంలో ఎన్ని సంస్థలు ఉన్నాయని లెక్కపెట్టడం మన అలవాటు. ఆ లెక్కే ఇప్పుడు ఆశాజనకంగా లేదు. 2025లో చాలా నెలల్లో దేశీయ ప్రయాణికుల్లో ఇండిగో వాటా 60 శాతం పైన, ఎయిరిండియా బృందం వాటా 25 శాతం పైన నడిచింది. మిగిలిన కొద్దిపాటి వాటాను ఆకాశ ఎయిర్, స్పైస్‌జెట్, కొన్ని చిన్న సంస్థలు పంచుకున్నాయి. మార్కెట్టు ఎంతగా కొద్దిమంది చేతుల్లో ఉందో చూడడానికి ఆర్థికవేత్తలు వాడే హెర్ఫిండాల్ సూచీలో ఒక్కొక్కరి వాటాను వర్గం చేసి కలుపుతారు. 60 వర్గం 3,600, 25 వర్గం 625. ఈ రెంటితోనే మొత్తం 4,200 దాటిపోయింది. అమెరికా 2023లో సవరించుకున్న విలీన మార్గదర్శకాల్లో 1,800 దాటిన మార్కెట్టునే అతిగా కేంద్రీకృతమైనదిగా పరిగణిస్తారు.

అయితే ఈ జాతీయ లెక్క ప్రయాణికుడికి సగమే ఉపయోగపడుతుంది. ఎవరూ భారతదేశమనే మార్గంలో ప్రయాణించరు. ఢిల్లీ, ముంబయిల మధ్య ప్రతి అరగంటకూ ఏదో ఒక విమానం ఉంటుంది, అక్కడ ఈనాటికీ పోటీ గట్టిగానే ఉంది. అదే ఒక చిన్న విమానాశ్రయం నుంచి పెద్ద నగరానికి రోజుకు రెండు విమానాలుండి, ఆ రెండూ ఒకే సంస్థవి అయితే, దేశంలో పది సంస్థలున్నా ఆ ఊరివాళ్లకు ఉన్నది ఒక్క సంస్థే. రెండు సంస్థలు ఉన్నా ఒకటి ఉదయం ఆరింటికీ మరొకటి రాత్రి తొమ్మిదింటికీ నడిపితే, పదకొండు గంటల సమావేశానికి వెళ్లవలసిన మనిషికి అది పోటీ కాదు.

ఇక ఛార్జీల విషయం. ఒక ఎయిర్‌బస్ ఏ320లో 186 సీట్లుంటే వాటన్నిటికీ ఒకే ధర ఉండదని మీకు తెలుసు. లోపల జరిగేది ఇది: ఆ సీట్లను పది పన్నెండు తరగతులుగా విడగొట్టి, ఒక్కొక్క దానికి ఇంగ్లీషు అక్షరం ఒకటి తగిలిస్తారు. మా భాషలో వాటిని బకెట్లంటాము. చవక బకెట్‌లో ఇన్ని సీట్లు, దాని పైదానిలో ఇన్ని అని ముందే కేటాయిస్తారు. కింది బకెట్ నిండితే పైది తెరుచుకుంటుంది. ఒక విమానం ప్రయాణానికి నెల ముందే అనుకున్నదానికన్నా వేగంగా నిండుతోందని కంప్యూటరు గమనిస్తే, చవక బకెట్లను నిండకముందే మూసేస్తుంది. ఛార్జీల విభాగంలో కూర్చున్న మనిషి చేసే పని, ఆ మూసివేత సరైనదేనా అని చూడడం, ఎదుటి సంస్థ అదే పూట ఏ ధర చూపిస్తోందో గమనించి ఒక బకెట్‌ను తిరిగి తెరవడమో మానడమో. ఎదుటి సంస్థకు ఖాళీ సీట్లున్నాయని తెలిస్తే చెయ్యి తప్పకుండా కిందికి వస్తుంది. వాళ్ల విమానమూ నిండిపోయిందని తెలిసిన రోజున ఎవరి చెయ్యీ కదలదు. దీనికి రహస్య ఒప్పందమేమీ అక్కరలేదు, అందరి ధరలూ అందరికీ తెరమీద కనిపిస్తూనే ఉంటాయి.

సంక్రాంతి ధరలో మరొక మెలిక ఉంది, దాన్ని బయటివాళ్లు సాధారణంగా పట్టించుకోరు. పండుగ రద్దీ ఒకవైపే ఉంటుంది. జనవరి 12న హైదరాబాదు నుంచి విశాఖకు, విజయవాడకు, రాజమండ్రికి సీటు దొరకదు. అదే విమానం తిరిగి వచ్చేటప్పుడు సగం ఖాళీగా వస్తుంది. పండుగ అయ్యాక 17, 18 తేదీల్లో ఇదంతా తిరగబడుతుంది. అదనపు విమానం వేస్తే రాను పోను ఖర్చంతా ఒక దిక్కు ప్రయాణికుల మీదే పడుతుంది కాబట్టి, మామూలు రోజు ధరకు రెట్టింపు దాకా వెళ్లడానికి నిజమైన కారణం ఉందని నేను ఒప్పుకుంటాను. మూడు రెట్లకు వెళ్లిందంటే మాత్రం, ఆ పైభాగమంతా మీకు వేరే దారి లేకపోవడం వల్ల వసూలైనదే. ఆ రోజుల్లో రైలులో చోటు ఉండదు, బస్సువాళ్లూ పెంచుతారు. విమాన సంస్థకు అసలు పోటీ ఇచ్చేవి అవే కనుక, అవీ నిండిపోయాక ఆపేవాళ్లుండరు.

మరి ఈ స్థితికి ఎలా వచ్చాము? 1953 నాటి ఎయిర్ కార్పొరేషన్ల చట్టంతో ప్రైవేటు సంస్థలన్నిటినీ జాతీయం చేసి, దేశీయ ప్రయాణాన్ని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు అప్పగించారు. 1990ల మొదట్లో తలుపులు తెరుచుకోగా, 1994లో ఆ చట్టం రద్దయింది. అప్పుడు పుట్టిన ఈస్ట్ వెస్ట్, దమానియా, మోదీలుఫ్ట్ వంటివి ఆ దశాబ్దం దాటలేదు. 2003లో ఎయిర్ డెక్కన్ వచ్చి చవక ప్రయాణమంటే ఏమిటో చూపించింది, 2007లో కింగ్‌ఫిషర్ దానిని కొనుక్కుంది, 2012లో కింగ్‌ఫిషరే ఆగిపోయింది. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్, 2023 మే 3న గో ఫస్ట్ నిలిచిపోయాయి. మన దగ్గరే పుట్టినవాటిని చూడండి: విజయవాడ కేంద్రంగా 2013లో మొదలైన ఎయిర్ కోస్తా 2017లోనూ, హైదరాబాదు కేంద్రంగా 2015లో మొదలైన ట్రూజెట్ 2022లోనూ రెక్కలు ముడిచాయి. విస్తారా మునిగిపోలేదు గాని, 2024 నవంబరు 12న ఎయిరిండియాలో కలిసిపోయింది. ప్రయాణికుడి వైపు నుంచి చూస్తే అదీ ఒక పేరు తగ్గడమే.

ఇన్ని సంస్థలు పోవడానికి నాయకత్వ లోపాలు కొంత కారణమే. అంతకన్నా పెద్ద కారణం ఖర్చులకూ రాబడికీ పొత్తు కుదరకపోవడం. రాబడి రూపాయల్లో వస్తుంది. విమానాల అద్దె, ఇంజన్ల మరమ్మతు డాలర్లలో కట్టాలి. ఇంధనమే మొత్తం ఖర్చులో మూడో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. విమాన ఇంధనం నేటికీ జీఎస్టీలోకి రాలేదు కనుక, దాని మీద రాష్ట్రాల వ్యాట్ ఒకచోట 1 శాతం ఉంటే మరొకచోట 30 శాతానికి దగ్గరగా ఉంటుంది. ఇంతటి బరువును మోయగలిగింది విమానాలను వందల సంఖ్యలో బేరమాడి కొనగలిగినవాళ్లే. ఇండిగో 2005లో, ఇంకా ఒక్క విమానమైనా ఎగరకముందే, 100 ఏ320లకు ఆర్డరిచ్చింది. 2023 జూన్‌లో ఒకేసారి 500 కోరింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 కోరింది. ఈ వరుసల వెనక నిలబడవలసిన కొత్త సంస్థకు కర్మాగారం నుంచి నేరుగా విమానం రావడానికి ఏళ్లు పడుతుంది. విమానం సంపాదించినా, ముంబయి వంటి చోట, రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతుండగా, ఉదయపు స్లాటు, అంటే విమానం దిగడానికో లేవడానికో కేటాయించే వేళ, ఎక్కడ దొరుకుతుంది? స్లాటును ఎనభై శాతం వాడుకుంటూ ఉన్నంతకాలం పాతవాళ్లకే ఉంచుతారు. ఇక పైలట్లు. 2017 నుంచి ఉన్న నిబంధన ప్రకారం కమాండరు ఉద్యోగం మానాలంటే ఏడాది ముందు, కో-పైలట్ అయితే ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. కొత్త సంస్థ వస్తే అంతా సర్దుకుంటుందనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ మూడు తలుపులూ గుర్తుకొస్తాయి.

ఇప్పుడు వేళకు నడవడం సంగతి. షెడ్యూలు వేళకు పదిహేను నిమిషాల లోపు బయలుదేరితే ఆ విమానం సకాలంలో వెళ్లినట్టే లెక్క. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నెలనెలా వెలువరించే నివేదికల్లో ఆలస్యాలకు అన్నిటికన్నా పెద్ద కారణంగా కనిపించేది రియాక్షనరీ అనే మాట. అంటే ఇంతకుముందు ట్రిప్పు ఆలస్యం కావడం వల్ల వచ్చిన ఆలస్యం. చవక సంస్థల విమానం రోజుకు ఐదారు ట్రిప్పులు తిరుగుతుంది, దిగిన అరగంటలో మళ్లీ లేస్తుంది. పొద్దున్న జారిన నలభై నిమిషాలు సాయంత్రానికి రెండు గంటలు కావడానికి అంతకుమించి ఏమీ జరగనక్కర్లేదు.

ఒక డిసెంబరు నాకు బాగా గుర్తుంది. ఉదయం ఆరింటికి హైదరాబాదు నుంచి లేచిన మా విమానం ఢిల్లీ మీద పొగమంచులో కొంతసేపు చక్కర్లు కొట్టి జైపూరుకు మళ్లింది. అక్కడ రెండు గంటలు కూర్చుని ఢిల్లీ చేరింది. ఆ విమానం ఢిల్లీ నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి రాజమండ్రి, తిరిగి హైదరాబాదు, ఆ తరువాత బెంగుళూరు వెళ్లవలసి ఉంది. మధ్యాహ్నానికి పైలట్ల డ్యూటీ గంటలు అయిపోతాయని తెర మీద ఎర్రగీత వచ్చింది. అవసరానికి పిలవడానికి స్టాండ్‌బైలో ఉంచిన ఒక్క పైలట్ల జట్టునూ అప్పటికే పుణె విమానానికి వాడేశాము. ఏదో ఒక ట్రిప్పు కొట్టేయాలి. బెంగుళూరు విమానం రద్దు చేస్తే ప్రయాణికులు డబ్బు వెనక్కి తీసుకుని గంటలోపు మరొక సంస్థ విమానం ఎక్కుతారు, మళ్లీ మా వైపు చూస్తారో లేదో తెలియదు. రాజమండ్రికి ఆ పూట ఇంకెవరూ నడపడం లేదు, వాళ్లు ఎక్కడికీ పోలేరు. రాజమండ్రి రానుపోను రెండూ కొట్టేశాము. ఆ నిర్ణయం మీద సంతకం చేసినవారిలో నేనూ ఒకడిని. మధురపూడి విమానాశ్రయంలో ఒక పెద్దాయన, "ఇక్కడ ఎండ మాడ్చేస్తుంటే పొగమంచంటారేమిటయ్యా" అని కౌంటరులో పిల్లవాడిని నిలదీశాడట. ఆయన అడిగినదానిలో తప్పు లేదు. పొగమంచు ఢిల్లీది, భారం మాత్రం పోటీ లేని ఊరిది.

పోటీకీ సేవల నమ్మకానికీ ఉన్న సంబంధం నాకు అర్థమైనది ఆ మధ్యాహ్నమే. అమెరికా దేశీయ మార్గాల మీద 2003లో వెలువడిన ఒక అధ్యయనంలోనూ, ఒకే సంస్థ నేరుగా నడిపే మార్గాల్లో ఆలస్యాలు ఎక్కువగానూ దీర్ఘంగానూ ఉన్నట్టు తేలింది. ఒకవైపే చెప్పడం న్యాయం కాదు కనుక రెండో మాటా చెబుతాను. పెద్ద సంస్థలో ఒక విమానం రద్దయితే, అదే మార్గంలో దానికే ఉన్న మరో ఎనిమిది విమానాల్లో ప్రయాణికులను సర్దవచ్చు. రోజుకు ఒక్కటే నడిపే చిన్న సంస్థ ఆ పని చేయలేదు. విడి సంఘటనల్లో పెద్ద సంస్థే నయం. ఆ పెద్ద సంస్థ మొత్తంగా తడబడిన రోజున మాత్రం దేశమంతా ఆగిపోతుంది.

2025 డిసెంబరు మొదటి వారంలో జరిగింది అదే. పైలట్ల విశ్రాంతి, డ్యూటీ వేళల కొత్త నిబంధనలను డీజీసీఏ 2024 జనవరిలోనే ప్రకటించింది. వాటి రెండవ విడత 2025 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. రెండు విడతలూ కలిపి వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది, రాత్రి వేళ ఒక పైలట్ చేయదగిన ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. అలసిన పైలట్ చేతిలో విమానం పెట్టకూడదన్న ఆ ఉద్దేశంతో నాకు పూర్తి ఏకీభావం ఉంది. ఇండిగో దగ్గర మాత్రం దానికి సరిపడా పైలట్లు లేరు, ఎవరు ఏ విమానం నడపాలో చెప్పే రోస్టర్లు కుప్పకూలాయి. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. ఒక చిన్న లెక్క వేయండి. విమానానికి 160 మంది చొప్పున వెయ్యి విమానాలంటే లక్షా అరవై వేల మంది. దేశంలో రోజుకు సుమారు నాలుగున్నర లక్షల నుంచి ఐదు లక్షల మంది ఎగురుతారు, అందులో మిగతా సంస్థలవాళ్లు మూడో వంతుకు కాస్త ఎక్కువ. ఆ సంస్థల విమానాలు 85 శాతం నిండి నడుస్తున్నాయనుకుంటే, వాటన్నిటిలో ఖాళీగా ఉన్న సీట్లు సుమారు ముప్పై వేలే. ముప్పై వేల సీట్ల కోసం లక్షన్నర మంది తోసుకుంటే ధర ఏమవుతుందో ఆ వారం అందరూ చూశారు. చివరికి ప్రభుత్వం ఇండిగోకు నిబంధనల నుంచి తాత్కాలిక మినహాయింపు ఇవ్వవలసి వచ్చింది. భద్రత కోసం పెట్టిన నియమాన్ని, ఒక సంస్థ మరీ పెద్దదైపోయినందున సడలించాల్సి రావడం నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించిన విషయం.

డిసెంబరు 6న ప్రభుత్వం గరిష్ఠ ఛార్జీలు ప్రకటించింది: 500 కిలోమీటర్ల వరకు 7,500 రూపాయలు, 1,000 వరకు 12,000, 1,500 వరకు 15,000, ఆపైన 18,000. అలాంటి అత్యవసర వేళ అది సరైన పనే. శాశ్వతంగా పెట్టాలన్న మీ సూచనతో మాత్రం నేను ఏకీభవించలేను, దానికి మన అనుభవమే కారణం. 2020 మే నుంచి 2022 ఆగస్టు 31 దాకా కోవిడ్ పేరిట ఛార్జీల పట్టీలు అమల్లో ఉన్నాయి. అందులో గరిష్ఠంతోపాటు కనిష్ఠ ధరా ఉండేది. మొదట్లో ఢిల్లీ, ముంబయిల మధ్య 3,500కు తక్కువగా అమ్మకూడదు, 10,000కు మించకూడదు. బలహీన సంస్థలను కాపాడడానికని పెట్టిన ఆ కనిష్ఠ ధర, చవకగా అమ్మగలిగిన సంస్థల చేతులను కట్టేసింది. గరిష్ఠ ధరతో మరో చిక్కు ఉంది. పండుగ రోజుల్లో ఒకవైపు ఖాళీగా తిరిగే అదనపు విమానానికి ఖర్చు రాదని తేలితే, సంస్థ దాన్ని వేయదు. కాగితం మీద ధర తక్కువగా ఉంటుంది, సీటు ఉండదు. రైలు తత్కాల్ టిక్కెట్ల కోసం పొద్దున్నే తెర ముందు కూర్చున్నవాళ్లకు ఈ పరిస్థితిని నేను వివరించనక్కర్లేదు.

నా అభిప్రాయంలో సరిచేయవలసింది విఫలం కావడానికి అయ్యే ఖర్చును. ఇప్పుడు తగిన ముందస్తు సమాచారం లేకుండా, సరైన ప్రత్యామ్నాయం చూపకుండా విమానం రద్దు చేస్తే, గంట లోపు ప్రయాణానికి 5,000, రెండు గంటల లోపు అయితే 7,500, ఆపైన 10,000 రూపాయలు, లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, వీటిలో ఏది తక్కువైతే అది పరిహారంగా ఇవ్వాలి. ఆ "ఏది తక్కువైతే అది" అన్నచోటే అసలు కీలకం ఉంది. పరిహారం ఎన్నడూ టిక్కెట్టు ధరకు మించదు. ఆలస్యానికైతే భోజనం, కొన్ని సందర్భాల్లో హోటలు గది, ఆరు గంటలు దాటితే వేరే విమానమో డబ్బు వాపసో తప్ప నగదు పరిహారమే లేదు. ఐరోపాలో 1,500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి, సంస్థ తప్పువల్ల గమ్యానికి మూడు గంటలు ఆలస్యంగా చేరితే 250 యూరోలు ఇవ్వాలి, టిక్కెట్టు ముప్పై యూరోలకే కొన్నా సరే. ఆ భయం ఉన్న సంస్థ ఒక విమానాన్ని, రెండు జట్ల పైలట్లను ఖాళీగా కూర్చోబెట్టుకోవడానికి వెనకాడదు. మా నియంత్రణ కేంద్రంలో స్టాండ్‌బై జట్లు పెంచమని అడిగిన ప్రతిసారీ వచ్చిన సమాధానం ఒక్కటే: "ఖాళీగా కూర్చున్న పైలట్‌కు జీతం ఎవరి టిక్కెట్టులోంచి తీయమంటావు?" రద్దు చేయడం అంతకన్నా ఖరీదైతే ఆ ప్రశ్న ఎవరూ అడగరు. దీనివల్ల టిక్కెట్టు మీద కొంత పెరుగుతుంది, దాచను. పెరిగిన ఆ కొంచెం, అవసరానికి ఆదుకునే అదనపు విమానం, పైలట్ల కోసం మనం కట్టే ధర.

చిన్న ఊళ్ల మార్గాల విషయం వేరు. చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్ర పథకం ఉడాన్ కింద 2017 ఏప్రిల్ 27న ఎగిరిన తొలి విమానాల్లో కడప, హైదరాబాదుల మధ్యది కూడా ఉంది, దాన్ని నడిపింది ట్రూజెట్. ఆ పథకంలో ఎంపికైన సంస్థకు మూడేళ్లు ఆ మార్గం మీద ప్రత్యేక హక్కు ఇస్తారు, నష్టానికి కొంత పూడుస్తారు. అంటే అక్కడ గుత్తాధిపత్యాన్ని ప్రభుత్వమే ఇస్తోంది, అది తప్పనిసరి కూడా. ఇచ్చినప్పుడు ఎన్ని విమానాలు రద్దు చేస్తే హక్కు పోతుందో గట్టిగా రాసుకుని, పాటించాలి.

మీరు సంక్రాంతికి వెళ్లాలనుకుంటున్నారు కాబట్టి ఒక ఆచరణ మాట. ఆ మార్గంలో రెండు సంస్థలు దగ్గర దగ్గర వేళల్లో నడిపే పూటను ఎంచుకోండి, ధర వంద రెండు వందలు ఎక్కువైనా సరే. రోజులో మొదటి విమానం ఎక్కండి, అది రాత్రే వచ్చి నిలబడి ఉంటుంది కనుక ముందు ట్రిప్పు ఆలస్యం దానికి తగలదు. ఢిల్లీ మీదుగా వచ్చే విమానాన్ని జనవరిలో నమ్మవద్దు. రద్దయితే సంస్థ పంపిన సందేశాన్ని చెరపకుండా, అది ఏ తేదీన ఏ గంటకు వచ్చిందో కనిపించేలా దాచుకోండి. పరిహారం వస్తుందా రాదా అన్నది ఆ సమయం మీదే ఆధారపడి ఉంటుంది.